పాత ఔట్‌బోర్డ్ మోటారుకు గాస్కెట్లు మార్చడం, నీళ్ల దారి బాగుచేయడం

నా దగ్గర రెండు సిలిండర్ల పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్, అంటే పడవ వెనక తగిలించే మోటారు, ఒకటుంది. ఒకసారి దానికి హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కింద వేసే పల్చటి సీలు, పోయింది. కొత్తది వేశాక మోటారు బాగానే నడిచింది. నెల తిరక్కుండా సరిగ్గా అదే చోట, రెండు సిలిండర్ల మధ్య ఉండే సన్నటి గోడ మీద, మళ్లీ కాలిపోయింది. రెండోసారి హెడ్ విప్పినప్పుడు తీరిగ్గా వెతికాను. నీళ్ల దారి మలుపులో గోరంత నల్లటి రబ్బరు ముక్క ఇరుక్కుని ఉంది. ఎప్పుడో నీళ్ల పంపులోని ఇంపెల్లర్ (నీళ్లు తోడే రెక్కల చక్రం) రెక్క విరిగి పైకి కొట్టుకొచ్చిన ముక్క అది. ఇంపెల్లర్ అయితే మార్చారు గానీ విరిగిన రెక్క ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో పని కింది నుంచి మొదలవుతుంది. ముందు పంపు, తర్వాత థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక తెరుచుకుని నీళ్లను వదిలే కవాటం), ఆ తర్వాతే హెడ్. నీళ్లు ఎందుకు అందలేదో తేలకుండా గాస్కెట్ ఒక్కటీ మారిస్తే, ఆ కొత్త గాస్కెట్ కూడా పాతదాని దారిలోనే పోతుంది.

నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయి

కారు ఇంజనులా దీనికి రేడియేటర్ ఉండదు. పడవ కింద ఉన్న నీళ్లనే తోడుకుని, వాడుకుని, వదిలేస్తుంది. ప్రొపెల్లర్ ఉండే కింది భాగమైన గేర్ కేసు పక్కనున్న జల్లెడ రంధ్రాల నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. గేర్ కేసు పైభాగంలో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది, డ్రైవ్ షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది. అది నీళ్లను సన్నటి గొట్టంలోంచి పైకి, పవర్‌హెడ్‌లోకి, అంటే పైనుండే ఇంజనులోకి, నెడుతుంది. అక్కడ ఎగ్జాస్ట్ గోడల చుట్టూ, సిలిండర్ల చుట్టూ, హెడ్‌లో తిరిగి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక మళ్లీ కిందికి దిగి ఎగ్జాస్ట్‌తో కలిసి బయటికి పోతాయి.

మోటారు పక్కనుంచి చిమ్మే సన్నటి ధారను టెల్‌టేల్ అంటారు. చాలామంది దాన్నొక్కదాన్నే చూసి ధైర్యంగా ఉంటారు. చాలా మోటార్లలో ఆ ధార నీళ్లు హెడ్ చుట్టూ తిరగకముందే విడిపోయి బయటికి వస్తుంది. అంటే పంపు పనిచేస్తోందని మాత్రమే అది చెబుతుంది. హెడ్‌లో ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుపోయినా ధార జోరుగానే వస్తుంది. నా మోటారులో రబ్బరు ముక్క అడ్డుపడినప్పుడూ జరిగింది అదే.

విప్పకముందు చూడాల్సినవి

మొదటిది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి. ఇంజను కాస్త వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ తీయండి, ప్లగ్ వైర్లను బాడీకి ఎర్త్ చేయండి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పెట్టండి. కంప్రెషన్ గేజ్‌ను ప్లగ్ రంధ్రంలో పెట్టి, సూది పెరగడం ఆగేవరకు ప్రతి సిలిండర్‌కూ స్టార్టర్ తాడును ఒకేలా లాగండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే ఫర్వాలేదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే, వాటి మధ్య గాస్కెట్ పోయిందని గట్టిగా అనుమానించొచ్చు. ఒక్కటే పడిపోతే రింగులు గానీ పిస్టన్ గానీ కూడా కారణం కావచ్చు. అప్పుడు గాస్కెట్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

రెండోది ప్లగ్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ తల చూడటం. మామూలుగా దాని మీద నల్లటి, గోధుమరంగు మసి ఉంటుంది. ఒక పిస్టన్ మాత్రం కడిగి తుడిచినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు చేరుతున్నాయి. ఆవిరి మసిని ఊడ్చేస్తుంది. ఇలా కనిపిస్తే పని వాయిదా వేయకండి. కనీసం ఆ సిలిండర్‌లో కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ పోసి ఫ్లైవీల్ రెండు చుట్లు తిప్పి పెట్టండి. తడిసిన బేరింగులు, రింగులు తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.

మూడోది వేడి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే హెడ్ మీద పై సిలిండర్ దగ్గర, కింది సిలిండర్ దగ్గర విడివిడిగా చూడండి. రంగు వేసిన చోటే కొలవండి, మెరిసే లోహం మీద అంకె తప్పుగా వస్తుంది. ఒకచోట 60 డిగ్రీలు, ఇంకోచోట 90 డిగ్రీలు వస్తే ఎక్కడ మూసుకుందో అదే చెప్పేస్తుంది. థర్మామీటర్ లేకపోతే హెడ్ మీద ఒక నీటి చుక్క వేయండి. అది సుయ్‌మని ఎగిరిపోతే వెంటనే మోటారు ఆపండి. కాలుతున్న హెడ్ మీద చన్నీళ్లు మాత్రం గుమ్మరించకండి, వంగిపోతుంది.

సామాను

టార్క్ రెంచ్ (బిగింపు బలం చూపించే పానా), ఫీలర్ గేజ్ (సన్నటి సందు కొలిచే రేకులు), కంప్రెషన్ గేజ్, మంచి సాకెట్ సెట్, చిన్న గ్యాస్ టార్చ్, తుప్పు వదిలించే నూనె, మెరైన్ గ్రీజు, మందపాటి గాజుపలక, 320, 400 నంబరు తడి ఎమరీ కాగితాలు. వీటికి తోడు మీ మోటారు సర్వీస్ మాన్యువల్. విడిభాగాలు హార్స్‌పవర్ చెప్పి కొనకండి. క్లాంప్ బ్రాకెట్ మీదున్న పలకలోని మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాసుకుని వాటితోనే కొనండి. ఒకే హార్స్‌పవర్ మోటారుకు ఏడాది మారితే గాస్కెట్ రంధ్రాలు మారొచ్చు. ఎవిన్‌రూడ్ లాంటి పేరున్న తయారీ కూడా 2020లో ఆగిపోయింది. పాత మోటార్లకు బయటి తయారీ గాస్కెట్లు దొరుకుతాయి, కాకపోతే ఆ నంబరుతో సరిపోయేదే తీసుకోండి.

పంపు

ముందు ప్లగ్ వైర్లు తీసేయండి. గేర్ కేసు దింపేటప్పుడు ప్రొపెల్లర్ చేతికి తగిలి తిరిగినా ఇంజను అందుకోకూడదు. మోటారు నిటారుగా ఉండాలి. గేరు మార్చే కడ్డీ ఎలా కలిపి ఉందో చూసి, అది ఏ గేరులో ఉందో గుర్తుపెట్టుకుని విడదీయండి. చాలా మోటార్లలో ఒక బోల్టు ప్రొపెల్లర్ పైనుండే ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రెక్క వెనక దాగి ఉంటుంది. ట్యాబ్ తీసేముందు అది ఏ కోణంలో ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. అన్ని బోల్టులూ తీసినా గేర్ కేసు కదలకపోతే ఇలాంటి బోల్టు ఇంకోటి మిగిలిందేమో చూడండి, స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి.

పంపు గుల్ల విప్పగానే ఇంపెల్లర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. రెక్కలు ఒకవైపే వంగి అలాగే బిగుసుకుపోయి ఉంటే దాని పని అయిపోయింది. వేలితో వంచితే మొదలు దగ్గర సన్నటి చీలికలు కనిపిస్తాయి. రెక్కలు లెక్కపెట్టండి. ఒక్క ముక్క తగ్గినా అది దొరికేదాకా పని ముగిసినట్టు కాదు. ముందు నిలువు గొట్టంలో, తర్వాత పవర్‌హెడ్‌లోకి నీళ్లు చేరే చోట, ఆపైన థర్మోస్టాట్ గదిలో వెతకండి. పై నుంచి కిందికి, అంటే నీళ్లు వచ్చే దిశకు ఎదురుగా, గొట్టంతో మంచినీళ్లు కొడితే చాలాసార్లు ముక్క తనే కిందికి వచ్చేస్తుంది.

ఇంపెల్లర్ చుట్టూ ఉండే స్టీలు గిన్నెనీ, కింద ఉండే పలకనీ గోటితో తడమండి. గాడి గోటికి తగిలితే వాటినీ మార్చండి. కొత్త రబ్బరు గాడి పడ్డ గిన్నెలో తిరిగితే నీళ్లు సగం వెనక్కి జారిపోతాయి. పంపు కింది గాస్కెట్ కూడా కొత్తదే వేయండి.

బిగించేటప్పుడు షాఫ్ట్ మీద కీ (ఇంపెల్లర్‌ను షాఫ్ట్‌తో కలిపి తిప్పే చిన్న లోహపు ముక్క) జారకుండా కొంచెం గ్రీజు పూసి కూర్చోబెట్టండి. రెక్కలకు సబ్బునీళ్లు రాసి, గుల్లను కిందికి నొక్కుతూ షాఫ్ట్‌ను పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. రెక్కలు వాటంతట అవే సరైన వైపు ఒరుగుతాయి. అప్పటి నుంచి వెనక్కి తిప్పొద్దు. షాఫ్ట్ పై చివర పళ్ల పక్కలకు మాత్రమే పల్చగా గ్రీజు రాయండి, కొనమీద ముద్దగా పెట్టకండి. అక్కడ గ్రీజు నిండితే షాఫ్ట్ పూర్తిగా పైకి కూర్చోదు. గేర్ కేసు ఎక్కించేటప్పుడు నీళ్ల గొట్టం గ్రోమెట్ అనే రబ్బరు వలయంలో సరిగ్గా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. గొట్టం పక్కకు తప్పితే కొత్త పంపు ఎన్ని నీళ్లు తోడినా పైకి చేరవు.

ఏడాదికోసారి, మరీ అయితే రెండేళ్లకోసారి ఇంపెల్లర్ మార్చేయడం మంచిది. ఇసుక, బురద నీళ్లలో తిరిగే మోటారుకైతే ఇంకా ముందే. అరిగిందా లేదా అని తర్జనభర్జన పడేంత ఖరీదైన వస్తువు కాదది.

థర్మోస్టాట్

కవర్ తీసి థర్మోస్టాట్‌ను దారానికి కట్టి గిన్నెలోని నీళ్లలో వేలాడదీయండి, అడుగుకు తగలకూడదు. పక్కనే థర్మామీటర్ పెట్టి నెమ్మదిగా వేడి చేయండి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. పాత టూ స్ట్రోక్ మోటార్లలో ఇది 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంటుకుపోయినదాన్ని సాగదీసి మళ్లీ వేయకండి.

మోటారు వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పక్కన పడేసే అలవాటు చాలామందికి ఉంది. దానితో నాకు పేచీ. థర్మోస్టాట్ లేని ఇంజను చల్లగా నడుస్తుంది, పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, ప్లగ్గులు తడుస్తాయి, కార్బన్ పేరుకుంటుంది. పైగా వేడికి అసలు కారణం కప్పబడిపోతుంది.

హెడ్ విప్పడం

ఓపిక పరీక్షించే ఘట్టం ఇది. స్టీలు బోల్టు అల్యూమినియంలో ఏళ్ల తరబడి ఉప్పునీళ్ల మధ్య కూర్చుంటే రెండు లోహాల మధ్య తెల్లటి పొడి పేరుకుని, సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. గట్టిగా లాగితే బోల్టు తల తెగుతుంది. ఆపైన డ్రిల్ చేయడం, కొత్త మరలు వేయడం లాంటివన్నీ మీద పడతాయి.

ముందురోజు రాత్రే తుప్పు నూనె పోయండి. మర్నాడు బోల్టు తల మీద నిలువుగా సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేయండి. తర్వాత సాకెట్ పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదపడానికి చూడండి, ఆపైన వదులు వైపు. కదలకపోతే బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న అల్యూమినియంను టార్చ్‌తో ఒకటి రెండు నిమిషాలు వేడి చేయండి. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. మంట పెట్టేముందు పెట్రోలు ట్యాంకు, పైపులు దూరంగా తీసేయండి, కారిన నూనె తుడిచేయండి, గాలి బాగా ఆడేచోటే చేయండి.

బోల్టు వదిలే ముందు చిన్న ‘టిక్’ చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు గట్టిగా, పొడిగా ఉంటే వదిలినట్టు. చప్పుడేమీ లేకుండా మెత్తగా, జిగురులా తిరుగుతుంటే ఆగండి, బోల్టు మెలిపడుతోంది. వెనక్కి బిగించి, మళ్లీ నూనె, మళ్లీ వేడి. ఒక్కో బోల్టుకు అరగంట పట్టినా నష్టం లేదు.

బోల్టులన్నీ వచ్చాక హెడ్‌ను ఉలితో లేపకండి, అతుకు మీద, అంటే హెడ్, సిలిండర్ల బ్లాకు ఒకదానికొకటి ఆనే చదును ముఖం మీద, పడ్డ గాటు నీళ్లకు దారి అవుతుంది. చెక్క ముక్క అడ్డుపెట్టి అంచుల మీద కొడుతూ వదులు చేయండి. కొన్ని హెడ్‌లకు లేపడానికనే చెవి ఉంటుంది, దాన్ని వాడండి.

పాత గాస్కెట్ చెప్పే కథ

తీసిన గాస్కెట్‌ను చెత్తలో వేయకముందు వెలుతురులో పెట్టి చూడండి. నల్లటి చార సిలిండర్ నుంచి సిలిండర్‌కు ఉంటే మంట అటు దాటింది. సిలిండర్ నుంచి నీళ్ల రంధ్రం వైపు ఉంటే ఎగ్జాస్ట్ నీళ్లలో కలిసింది. నీళ్ల రంధ్రాల దగ్గర తెల్లటి ఉప్పు గట్టిపడి ఉంటే అక్కడ నీళ్లు నిలిచిపోయి మరిగాయి. తర్వాత ఎక్కడ శుభ్రం చేయాలో ఆ చారలే చూపిస్తాయి. ఫోటో తీసి పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. పాత మోటార్లలో అసలు గాస్కెట్లకు ఆస్బెస్టాస్ వాడి ఉండొచ్చు. పొడిగా గీకడం, డ్రిల్లుకు తీగ బ్రష్ పెట్టి దుమ్ము లేపడం వద్దు. తడిపి, ప్లాస్టిక్ లేదా గట్టి చెక్క పలుకుతో తీయండి, తగిన మాస్కు పెట్టుకోండి, వచ్చిన తడి చెత్తను సంచిలో కట్టి పారేయండి. గీకేటప్పుడు సిలిండర్లలో, నీళ్ల రంధ్రాల్లో గుడ్డలు కుక్కడం మరవకండి, పూర్తయ్యాక అన్నీ తీశారో లేదో లెక్క చూసుకోండి.

నీళ్ల గదులు శుభ్రం చేయడం

హెడ్ విప్పినందుకు దక్కే పెద్ద లాభం ఇదే. సిలిండర్ల చుట్టూ ఉన్న గదుల్లో ఉప్పు, ఇసుక, తుప్పు కలిసి పెంకులా కట్టి ఉంటాయి. వంగే తీగతో, సన్నటి బ్రష్‌తో పొడుస్తూ, మంచినీళ్లతో వెనక్కి కొట్టండి. మిగిలిన పెంకును మామూలు తెల్ల వెనిగర్ కరిగిస్తుంది. గదిలో పోసి గంటా రెండు గంటలు ఉంచితే బుడగలు వస్తాయి, బుడగలు తగ్గాక వంచేసి మళ్లీ కొత్తది పోయండి. చివర్లో ధారాళంగా కడగండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ గానీ కాస్టిక్ సోడా గానీ వాడకండి. రెండూ అల్యూమినియంను తినేస్తాయి.

కొన్ని పాత మోటార్లలో నీళ్లను సరైన వైపు మళ్లించే చిన్న రబ్బరు దిమ్మలు సిలిండర్ల మధ్య నిలబెట్టి ఉంటాయి. పాతబడ్డాక అవి కుంచించుకుపోతాయి, నీళ్లు దగ్గరి దారిన జారిపోతాయి. చెత్త అనుకుని వాటిని పారేయకండి, మాన్యువల్‌లో బొమ్మ చూసి కొత్తవి పెట్టండి. లోపల జింక్ ఆనోడ్ (ఇంజను లోహానికి బదులు తను తరిగిపోయే జింక్ ముక్క) ఉంటే అది సగం తరిగినప్పుడే మార్చేయండి.

చదును చూడటం

హెడ్ అతుకు మీద ఉక్కు స్కేలును నిలువుగా, అడ్డంగా, మూలమూలలా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడండి. చాలా మాన్యువళ్లలో హద్దు 0.1 మిల్లీమీటర్. కొంచెమే ఎక్కువుంటే గాజుపలక మీద 320 కాగితం పరిచి, నీళ్లు చల్లి, హెడ్‌ను చేతి బరువుతో ఎనిమిది అంకెలా తిప్పండి. మధ్యమధ్యలో ఎత్తి చూడండి. ఎత్తున్న చోట్లు మెరుస్తాయి, పల్లం చోట్లు మసకగా మిగులుతాయి. అంతా ఒకే మెరుపు వచ్చాక 400తో ముగించండి. ఆ మసక మచ్చ చిన్నదవుతూ, చివరికి రెండు సిలిండర్ల మధ్య వేలిముద్ర అంత మిగిలి, అదీ మాయమవడం చూడటం నాకెంతో ఇష్టం. వంపు బాగా ఎక్కువుంటే మెషిన్ షాపుకు ఇవ్వండి, చేత్తో ఎక్కువ లోహం తీస్తే కంప్రెషన్ మారిపోతుంది.

కొత్త గాస్కెట్, బిగింపు

రెండు అతుకులనూ అసిటోన్‌తో తుడవండి. బోల్టు రంధ్రాల్లో నూనె, నీళ్లు మిగలకూడదు. అడుగు మూసిన రంధ్రంలో ద్రవం ఉంటే బోల్టు దిగేకొద్దీ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. కొత్త గాస్కెట్‌ను ముందు ఊరికే పెట్టి ప్రతి నీళ్ల రంధ్రం కిందిదానితో కలుస్తోందో లేదో చూడండి. తిరగేసి పెట్టినా బోల్టు రంధ్రాలు కలిసి నీళ్ల రంధ్రాలు మూసుకుపోయే గాస్కెట్లు ఉన్నాయి. పూత వేసి వచ్చినదైతే పొడిగానే వేయాలి, సీలెంట్ వేయమని మాన్యువల్ చెబితేనే వేయండి.

బోల్టులన్నీ ముందు చేత్తో దిగాలి. తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా బయటికి పోతూ, మూడు విడతల్లో బిగించండి. మొదటిసారి చెప్పిన టార్క్‌లో మూడో వంతు, తర్వాత మూడింట రెండు వంతులు, ఆఖరున పూర్తిగా. చిన్న మోటార్లలోని 6 మిల్లీమీటర్ల బోల్టులకు కావాల్సిన బలం సుమారు 10 న్యూటన్ మీటర్లు మాత్రమే, చేతి అంచనాకు అది చాలా తక్కువగా అనిపిస్తుంది. మీ మోటారు అంకె మాన్యువల్‌లో చూసి, అదే పాటించండి.

ఎగ్జాస్ట్ కవర్ గాస్కెట్‌ను కూడా అనుమానించండి. హెడ్ బాగానే ఉండి ఒక సిలిండర్‌లోకి నీళ్లు వస్తుంటే చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. కాకపోతే దాని బోల్టులు హెడ్ బోల్టుల కంటే మొండివి. సిలిండర్‌లోకి నీళ్లు రాని మోటారుకు ఊరికే దాన్ని కదపకపోవడమే మేలని నా అభిప్రాయం. పవర్‌హెడ్ కింద ఉండే బేస్ గాస్కెట్ మార్చాలంటే పవర్‌హెడ్ మొత్తం లేపాలి, అది వేరే రోజు పని.

మొదటి స్టార్ట్

ఆరుబయట చేయండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ప్రొపెల్లర్ తీసేసి, పంపు పూర్తిగా మునిగేలా పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపండి. గేర్ కేసు జల్లెడ రంధ్రాలకు తగిలించే, చెవులకు పెట్టుకునే మఫ్‌ల లాంటి ఫ్లషింగ్ కప్పులు వాడితే ముందు నీళ్లు వదిలి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి, ఐడిల్ దాటించకండి. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు నడిచినా కొత్త ఇంపెల్లర్ పాడవుతుంది.

ధార రాగానే సంబరపడిపోకుండా పది నిమిషాలు హెడ్ వేడి చూస్తూ ఉండండి. అది మెల్లగా పెరిగి, థర్మోస్టాట్ తెరుచుకున్న దగ్గర కాస్త తగ్గి, అక్కడక్కడే నిలబడాలి. పై సిలిండర్‌కీ కింది సిలిండర్‌కీ పెద్ద తేడా ఉండకూడదు. ధారలో ఆగకుండా బుడగలు వస్తుంటే ఎక్కడో ఎగ్జాస్ట్ నీళ్లలో కలుస్తోంది. మోటారు ఆపి, ఇంకా కాస్త వేడిగా ఉండగానే కంప్రెషన్ మళ్లీ చూసి అంకెలు రాసి పెట్టుకోండి. మళ్లీ బిగించమని మాన్యువల్ చెప్పి ఉంటే అది మాత్రం పూర్తిగా చల్లారిన ఇంజను మీదే చేయాలి.

ఆపైన చేయాల్సినవి

ఉప్పునీళ్లలో తిరిగిన ప్రతిసారీ మంచినీళ్లతో పది నిమిషాలు కడగండి. థర్మోస్టాట్ తెరుచుకునేంత సేపు నడిస్తేనే మంచినీళ్లు హెడ్ దాకా చేరతాయి, రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే ఉప్పు అక్కడే ఎండుతుంది. తర్వాత మోటారును నిటారుగా నిలబెట్టి లోపలి నీళ్లన్నీ కారిపోనివ్వండి. టెల్‌టేల్ సన్నబడితే ముందు దాని రంధ్రంలో సన్నటి తీగ పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడ ఇసుకో పురుగు గూడో మాత్రమే ఉంటుంది. అదికాకపోతే గేర్ కేసు జల్లెడ మీద నాచు, ప్లాస్టిక్ కవర్ ముక్కలు. ఆ రెండూ శుభ్రంగా ఉండి ధార మాత్రం సన్నగానే ఉంటే ఆ రోజు నీళ్ల మీదికి పోకుండా పంపు విప్పండి.